పస్తు పెట్టిన కోళ్ళు

ఇంటి వెనక జాగాలో కోళ్ళు పెంచే ఆ టైలరమ్మది ఒకటే పట్టుదల. కోయబోయే కోళ్ళకి ముందురోజు సాయంత్రం నుంచే మేత ఆపి, గూట్లో పెట్టి గడియ వేస్తుంది. కడుపు ఖాళీగా ఉంటే మాంసం శుభ్రంగా వస్తుంది. మొగుడు ఎలక్ట్రీషియన్. మనుషుల సంగతి ఏమో గాని, కోళ్ళ దగ్గర మాత్రం వెన్నలా కరిగిపోతాడు. ఓ పొద్దున గూట్లోని రెండు కోళ్ళు ఆకలికి అరుస్తుంటే చూడలేక గడియ తీసి కాసేపు తిరగనిచ్చాడు. పెళ్ళానికి తెలిస్తే చీవాట్లు తప్పవని నోరు మెదపలేదు. తర్వాత తనే ఒకదాన్ని కోసి, బాగుచేసి, తన అక్కగారింట్లో ఇచ్చివచ్చాడు.

అక్కగారి కూతురు చాలారోజుల జ్వరం నుంచి అప్పుడే లేచింది. ముద్ద ముట్టని పిల్ల తనంతట తనే "అత్త కోడి కావాలి" అంది. కోళ్ళ కంపు అంటూ ముక్కు మూసుకునే వదినగారే ముందురోజు ఫోన్ చేసి అడిగేసరికి టైలరమ్మ పొంగిపోయింది.

మధ్యాహ్నం మిషన్ ఆపి వెనక్కి వెళ్ళి చూస్తే, గూట్లో మిగిలిన కోడి మెడ వాల్చేసి కాళ్ళు కొట్టుకుంటోంది. ఆమె మొగుణ్ణి కేకేసింది.

"ఇవి బయటికి గాని పోయాయా?"

అతను నీళ్ళు నమిలాడు. "పొద్దున కాసేపు వదిలాను. రెండూ గోడ ఎగిరి అవతలికి పోతే పట్టుకొచ్చాను."

"అవతలాయన ఎలకలకి మందు గింజలు చల్లాడని చెప్పానా లేదా? కోసినప్పుడు దాని గొంతు సంచిలో ఏముంది?"

"ఎర్ర గింజలు. నువ్వు తెచ్చిన కొత్త మేతేమో అనుకున్నా."

ఆమె ఫోన్ అందుకుంది. వదినగారి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మొగుడి వెనక బండెక్కాక మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. మలుపులో లారీ ఒకటి అడ్డంగా ఆగి ఉంటే బండి దిగి, చెప్పులు జారిపోతున్నా చూడకుండా పరుగు తీసింది. పిల్ల మొహమే కళ్ళముందు ఆడుతోంది.

"వదినా, ఆ కూర పెట్టకండి."

వదినగారి చేయి కంచం మీదే ఆగిపోయింది. "ఇప్పుడే మొదటి ముద్ద పెట్టాను. ఏమైంది?"

పిల్ల బుగ్గ ఉబ్బి ఉంది. టైలరమ్మ ఒక్క ఉదుటున దాని నోట్లో వేలు పెట్టింది. పిల్ల గట్టిగా కొరికింది. అయినా వదలకుండా ముద్దంతా బయటికి లాగి, నోరు కడిగించి, అందరినీ ఆస్పత్రికి బయల్దేరదీసింది.

లోపలికి ఏమీ పోలేదు, భయం లేదన్నాడు డాక్టరు. అప్పటిదాకా ఏడుస్తున్న వదినగారు వరండాలోకి రాగానే మరదలి మీద విరుచుకుపడ్డారు.

"కోళ్ళు ఏం తింటున్నాయో చూసుకునే తీరిక లేనప్పుడు పెంచడం ఎందుకమ్మా? నా పిల్ల ఏమైపోయేది?"

టైలరమ్మ మొగుడి వైపు చూసింది. చెప్పడం అతనికే వదిలింది. అతను బండి తాళం అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

"నేనూ చెబుతూనే ఉంటానక్కా, జాగ్రత్తగా ఉండమని," అన్నాడు. "వింటేగా."

కొరికిన వేలు అప్పుడు సలపడం మొదలెట్టింది. పిల్ల దక్కింది, మొగుడే దక్కలేదు అనుకుంది ఆమె.