పోయినవాళ్ల కుర్చీ

నేను గుమ్మడికాయ చెక్కు తీస్తుంటే మా ఆయన లాక్లన్ వంటింటి గుమ్మంలో వంగి బూట్ల లేసులు కట్టుకుంటూ అడిగాడు. "టామ్సిన్, ఆకు ఎక్కడ బాగా రంగు తిరిగిందన్నావ్? ఇంకోసారి చెప్పు."

చెప్పాను. కొండమీద సరస్సు దాటాక, నీడపడే వైపు, రాళ్ల మధ్య. పసుపు పోయి ఎరుపొచ్చింది. గట్టి గాలి ఒకటి వస్తే ఇక అంతే.

"నేనూ వస్తాను లాకీ. ఏడాదంతా దీనికోసమే చూశాను."

"రాత్రికి ఇంతమందికి భోజనాలు కదా, బంగారం. ఎవరు వండుతారు, నేనా?" అని నవ్వాడు. మా ఇంట్లో అంతకు మించిన జోకు లేదు.

మేం పేగన్లం. నేలనే దేవతగా కొలుస్తాం. మా టాస్మానియాలో ఆకు రాలేది ఏప్రిల్‌లో, ఆ నెల ఆఖరి రాత్రి పోయినవాళ్ల పండగ. అత్తగారు మెరిల్ ఇందులోకి పుస్తకాలు చదివి వచ్చింది, నేను నడిచి వచ్చాను. ఆదివారాలు ఒక్కదాన్నే కొండెక్కేదాన్ని. పైనుండే నల్లపిట్టలు చలికి ఊళ్లోకి దిగడం, కుళ్లిన మొద్దుమీద నారింజరంగు పుట్టగొడుగులు లేవడం, చివరికి ఫేగస్ చెట్టు ఆకు ఎర్రబడటం, అన్నీ చూసేదాన్ని. ఇక్కడి సొంత చెట్లలో చలికి ఆకు రాల్చేది అదొక్కటే. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో పట్టుకోవడమే నా ఉద్యోగం. కొండమీద ఆ పని చేస్తుంటే మాత్రం ఎవరూ తొందరపెట్టరు. చావు కూడా అక్కడ నింపాదిగా, అందరి ముందే జరుగుతుంది. దాన్ని నిలబడి చూడటమే నాకు పూజ.

ఇదంతా ఒకసారి లాక్లన్‌కి చెప్పాను. మరుసటి ఏడాదికి అది మా గుంపు మొత్తానికీ 'లాక్లన్‌తో ఆకురాలు నడక' అయి కూర్చుంది. ఇవన్నీ నీకెలా తెలుస్తాయని జనం అడిగితే, "నేల చెబుతుంది" అంటాడు. ఆ నేల అప్పుడు వెనకాల అందరి ఫ్లాస్కులూ మోసుకుంటూ వస్తుంటుంది. ఈసారి మోయడానికి కూడా పిలవలేదు.

"మన దారిలో ఆడదే దేవతమ్మా" అంటూ మెరిల్ తాగిన కప్పు సింకులో పెట్టి నడకకి వచ్చినవాళ్లతో వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గాలి లేచింది. పిండి కలుపుతున్న చేతులు ఆగిపోయాయి. రేకుల కప్పు దడదడలాడుతున్నంతసేపూ పైన ఏం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది. చేతులకి అంటిన పిండి ఆరిపోయింది.

సాయంత్రం చలిగాలికి ఎర్రబడ్డ బుగ్గలతో అందరూ వచ్చారు.

"నువ్వు చూడాల్సింది టామ్సిన్," అంది మా గుంపులో బ్రోన్విన్. "కళ్లముందే మొత్తం రాలిపోయింది. ఒక్కటి మిగల్లేదు."

"వచ్చే ఏడు ఉంటుందిలే. చెట్టెక్కడికి పోతుంది?" అంది మెరిల్.

లాక్లన్ జేబులోంచి ఎర్రటి ఆకు తీశాడు. అనుకోకుండా నా చెయ్యి ముందుకెళ్లింది.

"నీక్కాదు. పోయినవాళ్లకి."

ఆ రాత్రి భోజనానికి ఒక నియమం ఉంది. పోయినవాళ్లకి ఒక కుర్చీ వేసి, నిండుగా వడ్డించి, ఆ ప్లేటు పక్కన కొవ్వొత్తి వెలిగిస్తాం. అది ఆరేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మా ఇంట్లో కుర్చీలు సరిగ్గా సరిపోతాయి, వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ. వడ్డించే మనిషి ఆ లెక్కలోకి రాదు.

లాక్లన్ ఆకుని ఖాళీ కుర్చీ ముందున్న ప్లేటులో పెట్టి కొవ్వొత్తి వెలిగించాడు. మాటలు ఆగిపోయాయి. పనులు ఆగలేదు. ఉప్పు కోసం వేళ్లు నలిపి చూపించాడు. రొట్టె కోసం కనుబొమ్మ ఎగరేశాడు. మెరిల్ ఖాళీ గ్లాసుని గోటితో టింగుమనిపించింది. సూపు గిన్నె పట్టుకుని వాళ్ల వెనకాల తిరుగుతుంటే ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఈ ఇంట్లో ఎవరికీ కనబడనిది ఆ ఖాళీ కుర్చీలోనివాళ్లు మాత్రమే కాదనిపించింది.

గిన్నె కింద పెట్టాను. వెళ్లి పోయినవాళ్ల కుర్చీలో కూర్చున్నాను.

బ్రోన్విన్ స్పూను గాల్లోనే ఆగింది. మెరిల్ నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి మూసుకుంది. లాక్లన్ కనుబొమ్మ వంటింటివైపు లేచింది, మళ్లీ లేచింది. నేను ఆకు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, ఆ ప్లేటులోని దుంపలు కోసుకుని తిన్నాను. వేడిగా ఉన్నాయి. ఈ ఇంట్లో నా వంట నేను వేడిగా తిన్నది ఎప్పుడో గుర్తులేదు. వచ్చే ఏడు ఆకు రంగు తిరిగినప్పుడు ఎవరికీ చెప్పను. వెళ్తాను, అంతే.

కొవ్వొత్తి ఆర్పమని లాక్లన్ కళ్లతోనే చెబుతున్నాడు.

అది నా ముందే ఉంది. ఇంకా చాలా పొడుగుంది.