ముందు లేచిందెవరు

కాసిల్దా ఇంట్లో మధ్యాహ్న భోజనం మూడింటికి. ముందు పప్పు, తర్వాత చేపో మాంసమో, ఆఖర్న ఒక పండు, కాఫీ. ఆ తర్వాత అసలు పని మొదలు. ఎవరూ లేవకుండా బల్ల చుట్టూ కూర్చుని కబుర్లాడుకోవడం. సోబ్రెమెసా అంటారు దాన్ని, సలమాంకా ఊళ్ళో ఇంటింటా ఉన్నదే. కాకపోతే ఈ ఇంట్లో ఎవరో ఒకరు లేచేదాకా బయట కాలం కదలదు. హాల్లో గడియారం ఆగిపోతుంది. కప్పులో కాఫీ చల్లారదు. బల్లగుడ్డ మీద ఎండ పడ్డచోటే ఉంటుంది.

కూర్చున్నవాళ్ళకి మాత్రం వయసు పెరుగుతూనే ఉంటుంది. ఏదీ ఊరికే రాదు కదా! కాసిల్దా తండ్రికి డాక్టర్లు చేతులెత్తేసినప్పుడు ఇంటిల్లిపాదీ అలాగే కూర్చున్నారు. స్కూలు గౌనుతో కూర్చున్న కాసిల్దా ఆ గౌను పట్టనంత పెద్దదై లేచింది. వీధిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కింది అంతస్తు ఆవిడ తన కూతురి పాత గౌన్లు తెచ్చిచ్చింది, అంతే.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర కాసిల్దా, ఆమె మొగుడు ఎవేలియో, ఆమె తల్లి యూతిమియా అవ్వ. నాలుగో కుర్చీ చదువుకోడానికి వచ్చే విదేశీ పిల్లలది. ఆ ఏడు లాత్వియా నుంచి ఇల్జె వచ్చింది. మొదటిరోజే తినడం అవగానే థాంక్స్ చెప్పి, ప్లేటు పట్టుకుని చటుక్కున లేచింది. వాళ్ళ దేశంలో అది మర్యాదట. ఇక్కడ కొంప మునిగినట్టు అందరూ అయ్యో అన్నారు.

"కూర్చోవే తల్లీ! ఎవరు తరుముతున్నారు నిన్ను?" అంది కాసిల్దా. అప్పటికే గడియారం కదిలిపోయింది. ఎవేలియో మొహం వేలాడేసుకుని తాళాల షాపు తెరవడానికి పోయాడు.

"క్షమించండి కాసిల్దా గారూ."

"గారేంటే, గారు? ఇదేమన్నా పోలీస్ స్టేషనా?" అంది అవ్వ.

చలికాలం దాటేసరికి పిల్ల బాగానే అలవాటుపడింది. మోచేతులు బల్లకానించి, అక్రోట్లు పగలగొట్టుకుంటూ, ఎవేలియో రాజకీయాలకి ఎదురు వాదించేది కూడా.

మే నెలలో, సరిగ్గా పప్పు వడ్డిస్తుండగా, ఫోన్ వచ్చింది. ఇల్జె వాళ్ళ అన్న ఉల్దిస్. అమ్మకి కేన్సరు. శీతాకాలం నుంచీ ఉంది. చదువు పాడవుతుందని అమ్మే ఇల్జెకి చెప్పనివ్వలేదు. ఇప్పుడిక సాయంత్రం దాటదన్నారు డాక్టర్లు. ఎంత తొందరపడ్డా రేపు రాత్రికి గానీ ఇల్జె అక్కడికి చేరలేదు.

ఫోన్ పెట్టేసి వచ్చి పిల్ల తన కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. పప్పు తింది. చేప తింది. కాఫీ వచ్చాక రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"నేను లేవను," అంది.

కాసిల్దా మొగుడి వంక చూసింది, తల్లి వంక చూసింది. "అయితే ఎవరం లేవం," అంది.

హాల్లో గడియారం మూడున్నర దగ్గర ఆగింది.

సోబ్రెమెసాలో మాట్లాడకుండా కూర్చోకూడదు. అందుకని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడిగారు, పిల్ల చెప్పింది. అమ్మ చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తుందనీ, ఎంత కడిగినా చేతులు వాసనొచ్చేవనీ, స్కూల్లో సిగ్గేసి ఆ చేతులు విదిలించుకునేదాన్ననీ. సముద్రం గడ్డకట్టిన ఏడు అమ్మ దాని మీద డాన్స్ చేసిందనీ. చెప్పిందే మళ్ళీ చెప్పింది. మొదటిసారి విన్నట్టే విన్నారు వాళ్ళు.

రొట్టె అయిపోయింది. జున్నూ అయిపోయింది. ఎవేలియో గడ్డం గుండెల దాకా దిగింది. కాసిల్దా జుట్టుకేసిన రంగు కిందికి జారిపోయి నెత్తంతా తెల్లబడింది.

"షాపో?" అని ఇల్జె ఒకసారి అడిగింది.

"షాపుకేమైంది? అక్కడింకా మూడున్నరే," అన్నాడు ఎవేలియో. దగ్గొచ్చి ఆగాడు.

అవ్వే బాగా కరిగిపోయింది. శాలువా లోపల మనిషి ఉందో లేదో తెలియనంతగా అయింది. అదంతా ఇల్జె చూస్తూనే ఉంది. చూస్తూ కూడా కుర్చీ వదల్లేదు. అమ్మ ఉంది, ఇంకా ఉంది, నేను ఇక్కడ ఉన్నంతసేపూ ఉంటుంది. ఆ పిల్ల బుర్రలో ఇంకో ఆలోచనకి చోటు లేదు. తప్పుపట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

చివరికి అవ్వ అడిగింది. "మీ అమ్మకి నొప్పిగా ఉందా, తల్లీ?"

"ఉందట. మందులు పనిచెయ్యట్లేదట. అరుస్తోందని చెప్పాడు అన్నయ్య."

"అక్కడా కాలం ఆగే ఉంది కదమ్మా."

కాసేపటిదాకా పిల్లకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో నెత్తురు చుక్క లేదు. తాము జున్ను తింటూ, సముద్రం గురించి చెప్పుకుంటూ ఉన్నంతసేపూ అమ్మ ఒకే అరుపులో ఉంది. ఆ అరుపు మధ్యలోనే తను ఆమెని కట్టిపడేసి కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు? ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పలేకపోయానమ్మా. మా ఆయనా అలాగే అరుస్తున్నాడని అప్పుడు మా అమ్మాయికీ చెప్పలేదు. ఇంక చాలనిపించి నేనే లేచాను. ఇన్నేళ్ళూ అది నా గొంతులో ముల్లే." అవ్వ ఊపిరి తీసుకుంది. "కన్నబిడ్డ చెయ్యకూడని పని ఇది. నేను లేస్తా. ఒక ముల్లుకి ఇంకోటి తోడు, నాకేం బరువు?"

బల్ల మీద చేతులానించింది. లేవలేకపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. చేతులు జారాయి. "ఛీ, పాడు కాళ్ళు!" అంది, కళ్ళనీళ్ళతో. కాసిల్దా లేవబోయిందేమో గానీ, తన తండ్రి గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళు కదల్లేదు. ఎవేలియో తల దించుకున్నాడు.

ఇల్జె కూర్చున్న చోటినుంచే వంగి, అవ్వ చంకల కింద చేతులు వేసింది. ఇద్దరూ లేచారు.

హాల్లో గడియారం కొట్టుకోవడం మొదలెట్టింది. బల్లగుడ్డ మీద ఎండ జరిగింది.

"అత్తయ్యే ముందు లేచింది, నా కళ్ళతో చూశా," అన్నాడు ఎవేలియో. అతను చూస్తున్నది తన ఖాళీ ప్లేటుని.

"నేనూ చూశా. అమ్మే," అంది కాసిల్దా, కళ్ళు మూసుకుని.

"నేనే కదర్రా మరి," అంది అవ్వ.

అవ్వ బరువంతా ఇల్జె చేతుల మీదే ఉంది. ఎవరు ఎవర్ని లేపారో ఆ చేతులకి తెలుసు. ఆమెని మెల్లిగా కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా సర్ది, అలాగే నిలబడింది.

ఫోన్ మోగింది. నడుచుకుంటూ వెళ్ళి తీసింది. అవతల ఉల్దిస్ ఏడుస్తున్నాడు.

"ఎప్పుడన్నయ్యా?" అంది.

"ఇప్పుడే," అన్నాడు అతను. "ఇదిగో, ఇప్పుడే."