పది రోజుల మరమ్మతు

రెండో బాయి గేటు దాటి గుడిసెల వైపు నడిస్తే మొదట తగిలేది లస్మవ్వ హోటలు. బోర్డు లేదు, కుర్చీలూ లేవు. ముందు తడకలు కట్టిన వసారా, వెనక తాటికమ్మల వంటపాక. బొగ్గు గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి బాయి పనికి వచ్చిన యాభై మంది మగవాళ్లు మూడు షిఫ్టుల వేళల్లోనూ ఆ వసారాలోనే తినేవాళ్లు. లస్మవ్వ భర్త రాజం బాయిలో కప్పు కూలి చనిపోయి అప్పటికి ఐదేళ్లు. ఆ ఐదేళ్లూ ఆమె ఆ పొయ్యి మీద వండుతూనే బతికింది.

పొయ్యి రాజం చేసిందే. డాంబరు డ్రమ్మును సగానికి కోసి, లోపల ఎర్రమట్టి, ఊక కలిపి మందంగా మెత్తి, నడుమ ఇనుప చువ్వలు పరిచాడు. చువ్వల మీద బొగ్గు మండుతుంది, బూడిద కింద రాలుతుంది. రాలిన బూడిదను లాగడానికి డ్రమ్ము అడుగున జానెడు కంత ఉంటుంది. కట్టె మంటకు అలాంటి పొయ్యి ఇరవై ఏళ్లు నిలుస్తుందేమో గానీ రాత్రింబగళ్లు మండే బొగ్గు ఇనుమును తినేస్తుంది. ఆ ఏడు ఆషాఢంలో రెండు చువ్వలు విరిగి బూడిదలో పడ్డాయి. కంత చుట్టూ రేకు ఎర్రగా పొరలు పొరలుగా ఊడిపోతోంది.

లస్మవ్వ కమ్మరి కొమురెల్లిని పిలిపించింది. అతను గొంతుక్కూర్చుని, డ్రమ్ము అడుగును బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది.

“చూడక్కా, ఇది రేకు గాదు, అప్పడం. చువ్వలు మారిస్తె ఏం లాభం? డ్రమ్మే పోయింది. నా దగ్గర కొత్త డ్రమ్ము ఉన్నది. ఒక్క పూటల చేసిస్త.”

“ఒక్క పూటల అయితదా?”

“చేసుడు ఒక్క పూట. మట్టి ఆరద్దా మరి? ఈ ముసురుకు ఐదు రోజులు వడ్తది. పచ్చి మట్టి మీద మంటేస్తె పగుల్తది.”

ఐదు రోజులు అనే మాట లస్మవ్వ గుండెలో రాయిలా పడింది. గేటుకు అవతల సదయ్య కొత్తగా హోటలు పెట్టాడు. అంతకుముందు ఎండాకాలం ఆమె జ్వరంతో మూడు రోజులు పడుకుంటే ఎనిమిది మంది అక్కడికి వెళ్లారు. ఒక్కరు కూడా తిరిగి రాలేదు.

“ఇప్పటికి ఏదో ఒకటి కట్టు తమ్మీ. ఆయన చేతుల మీద చేసిన పొయ్యి. తీసి పారెయ్య బుద్ధయితలేదు” అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చాక తనకే బాగుందనిపించింది. కొమురెల్లి మారు మాట్లాడలేదు. చచ్చినవాడి పేరు ఎత్తాక ఎవరు ఏం మాట్లాడతారు? రెండు కొత్త చువ్వలు వేశాడు, కంత పక్కన రేకు ముక్క అతికాడు, డ్రమ్ము నడుముకు మందపు తీగ రెండు చుట్లు బిగించాడు. లేచి చేతులు దులుపుకుంటూ చెప్పాడు.

“పది రోజులక్కా. అంతకు మించి ఒక్క రోజు గూడ నేను పూచీ గాదు. పెద్ద దేగిస మాత్రం పెట్టకు.”

పెద్ద దేగిసా పెట్టకుండా యాభై మందికి అన్నం ఎలా వండడం? మర్నాడే పెట్టింది. పొయ్యి నిలబడింది. పది రోజులు గడిచాయి, పొయ్యి నిలబడే ఉంది. ఇరవై రోజులయ్యాక లస్మవ్వ దాని అడుగు వైపు చూడటం మానేసింది.

ఆమె దగ్గర పనిచేసే మనిషి సారవ్వ. పాతికేళ్లది. మొగుడు వదిలేస్తే అన్న ఎల్లేశం తెచ్చి తన గుడిసెలో ఉంచుకున్నాడు. ఎల్లేశం రెండో బాయిలో టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే కార్మికుడు. అతని భార్య పోశవ్వ ఎక్కువ మాట్లాడదు గానీ ఆడబిడ్డను ఒక్క మాట అన్నదీ లేదు. సారవ్వ పొద్దున్నే వచ్చి బూడిద లాగి, గిన్నెలు తోమి, నీళ్లు మోసేది. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. లస్మవ్వ విన్నా వినకపోయినా ఆమెకు పట్టింపు లేదు.

భాద్రపదం మొదట్లో ఒక పొద్దున, మొదటి షిఫ్టు వాళ్లకు అన్నం ఉడుకుతోంది. సైరన్ కొట్టడానికి ఇంకా గంట ఉంది. మంట మందగించిందని సారవ్వ కంత ముందు కూర్చుని ఇనుప కొక్కెంతో బూడిద లాగుతోంది. వాళ్ల అన్న కొత్త సైకిలు తొక్కడం నేర్చుకుంటూ మురుగు మోరీలో పడ్డ సంగతి చెప్పి నవ్వుతోంది. ఉల్లిగడ్డలు కోస్తున్న లస్మవ్వకు గజ్జెల చప్పుడు లాంటిది ఒకటి వినిపించింది. బిగించిన తీగ తెగి డ్రమ్ముకు కొట్టుకున్న చప్పుడు అది. తలెత్తేసరికి పొయ్యి ముందుకు వంగింది. కాలు విరిగిన గొడ్డు మోకాలి మీద పడ్డట్టు డ్రమ్ము కంత వైపుకు మడతపడిపోయింది. మీద కుతకుత ఉడుకుతున్న దేగిసా ఒరిగి అన్నం, నీళ్లు, వాటి వెనకాలే ఎర్రటి బొగ్గులు మొత్తం సారవ్వ ఒళ్లో పడ్డాయి.

ఆ తర్వాత ఏం చేసిందో లస్మవ్వకు సరిగా గుర్తు లేదు. కుండెడు నీళ్లు పోసింది. అరిచింది. వసారాలో కూర్చున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. చీర ఒంటికి అంటుకుపోయిందని, లాగొద్దని ఎవరో అన్నారు. మంచం మీద మోసుకెళ్లి దవాఖానలో చేర్చారు. అక్కడ కట్టు కట్టి, మధ్యాహ్నానికి కరీంనగర్ పంపించారు. రాత్రి షిఫ్టులో ఉన్న ఎల్లేశం బాయిలో నుంచి బొగ్గు మొహంతోనే దవాఖానకు వచ్చి, ఆమెతో బండెక్కాడు.

సాయంత్రం కొమురెల్లి వచ్చాడు. పాకలో పడి ఉన్న డ్రమ్మును తిప్పి అడుగు చూశాడు. తెగిన తీగ చేతిలోకి తీసుకున్నాడు. లస్మవ్వ వైపు చూశాడు. తీగను చుట్టగా చుట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పెరట్లో కందకం తవ్వి, రెండు వైపులా రాళ్లు పేర్చి, లస్మవ్వ కట్టెల మీద వంట చేసింది. యాభై మందీ వచ్చారు. కూర ఆలస్యమైతే ఎదురుచూశారు, అన్నం పొగ వాసన వేస్తే కిక్కురుమనకుండా తిన్నారు. ఒక్కరూ సదయ్య హోటలుకు పోలేదు. ఖాళీ అయిన దేగిసా ముందు నిలబడి లస్మవ్వ ఆ సంగతే తలుచుకుంది. ఐదు రోజులు ఇట్లాగే వండి ఉంటే సరిపోయేది.

మూడో రోజు కరీంనగర్ వెళ్లింది. సారవ్వ నడుము నుంచి కిందికి దుప్పటి తగలకుండా పైన కమానులాంటిది పెట్టారు. మొహం మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఎల్లేశం చాయ్ తాగడానికి బయటికి వెళ్లగానే సారవ్వ మెల్లగా అంది.

“అక్కా, పోలీసాయన వచ్చి అడిగిండు. నాకే కండ్లు తిరిగినయి, తూలి పొయ్యి మీద పడ్డ అని చెప్పిన.”

లస్మవ్వ తలుపు వైపు చూసింది.

“నిన్ను ఠాణాకు తీస్కపోతె హోటలు బందయితది గద. నేను లేశి వచ్చినంక నాకు పని ఎవలిస్తరు?” అంది సారవ్వ. తర్వాత పెదవులు తడుపుకుని, “కొత్త పొయ్యి చేయించినవా?” అని అడిగింది.

“చేయిస్త.”

“కంత జర పెద్దగ పెట్టమను. బూడిద లాగరాక చేతులు కాల్తున్నయి.”

తొమ్మిదో రోజు సారవ్వ చనిపోయింది.

గుడిసెల్లో అందరూ ఏడ్చారు. ఏడ్చి ఊరుకోలేదు. కళ్లు తిరిగి పడిందంటే కడుపులో ఏమీ లేకనే కదా అన్నారు. వదిన సరిగ్గా అన్నం పెట్టి ఉంటే పడేదా అన్నారు. అన్నది ఎవరో తెలియదు గానీ రెండు రోజుల్లో ఆ మాట నీళ్ల నల్లా దగ్గరికి, అక్కడి నుంచి బాయి గేటు దగ్గరికి చేరింది. లస్మవ్వ దగ్గర కూర్చున్న ఆడవాళ్లు మాత్రం ఆమె వీపు నిమిరారు. “రాజం చేసిన పొయ్యి గూడ పోయిందాయె. నీకు రెండు దెబ్బలు” అన్నారు. లస్మవ్వ తల వంచుకుని ఆ ఓదార్పు తీసుకుంది.

దినాలు అయిన మూడో రోజు ఎల్లేశం భార్యను కొట్టాడు. ఇరుగుపొరుగు అడ్డం పడ్డారు. మర్నాడు పొద్దున పోశవ్వ ఒక మూట పట్టుకుని హోటలు ముందు నుంచే బస్సు దగ్గరికి నడిచింది. ఆమె తల్లిగారి ఊరు మంథని వైపు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఒక కన్ను వాచిపోయి మూసుకుపోయింది. వసారాలో తింటున్నవాళ్లలో ఒకడు, “పోనీ, పీడ వోతది” అన్నాడు.

లస్మవ్వ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ మనిషి విస్తట్లో పప్పు పడలేదు. అతను రెండుసార్లు పిలిచాక పోసింది.

ఆ రోజు మొదటి షిఫ్టు విడిచే వేళకు ఆమె గేటు దగ్గర నిలబడింది. ఎల్లేశం టోపీ చేతిలో పట్టుకుని బయటికి వచ్చాడు.

“ఎల్లేశం, ఒక్క మాట.”

“ఏందక్కా?”

“నీ చెల్లెకు కండ్లు తిరగలే. ఆమె పొయ్యి మీద పడలే. పొయ్యే కూలి ఆమె మీద పడ్డది.”

ఎల్లేశంతో పాటు వస్తున్న నలుగురూ ఆగిపోయారు.

“డ్రమ్ము అడుగు పోయిందని కొమురెల్లి నాకు ముందే చెప్పిండు. పది రోజులకు మించి నడపకన్నడు. నేను నడిపిన. నన్ను కాపాడుడుకు సారవ్వ అబద్ధం ఆడింది.”

“ఎన్ని రోజులు నడిపినవు?”

“నలభై.”

“రాజన్న గురుతని ఉంచుకున్నవా?”

అతను అడిగిన తీరులో కోపం లేదు. అవునంటే చాలు, సగం క్షమించేలా ఉన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు కూడా ఆ జవాబు కోసమే చూస్తున్నారు.

“కాదు. గట్లని కొమురెల్లికి చెప్పిన గని, అది అబద్ధం. ఐదు రోజులు పొయ్యి ఆర్పితె మీరంత సదయ్య దగ్గరికి వోతరని భయపడ్డ. గంతే.”

ఎల్లేశం అక్కడే దుమ్ములో కూర్చున్నాడు. టోపీని మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తిడతాడనుకుంది లస్మవ్వ, కొడతాడనుకుంది. అతను లేవకుండానే అన్నాడు.

“ఈ మాట పోశికి పోయి చెప్పు. నేను పోలేను. నాకు మొహం లేదు.”

మర్నాడు లస్మవ్వ వంట చేయలేదు. మొదటి బస్సెక్కి పోశవ్వ ఊరు వెళ్లింది. పోశవ్వ పొలంలో కలుపు తీస్తోంది. మోకాలి లోతు బురదలో నడుము వంచి, వాచిన కన్ను చుట్టూ పసుపు రాసుకుని ఉంది. లస్మవ్వ ఒడ్డు మీద నిలబడి జరిగిందంతా చెప్పింది. గేటు దగ్గర చెప్పిన దానికంటే మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పింది. పోశవ్వ పని ఆపకుండానే విన్నది. అంతా అయ్యాక నడుము ఎత్తింది.

“ఆయనకు చెప్పినవా?”

“చెప్పిన. నిన్న.”

“నమ్మిండా?”

“నమ్మిండు బిడ్డా. గప్పుడే నమ్మిండు.”

“నేను దానికి తిండి పెట్టలేదని లోకం చెప్తె గూడ గంత జల్దే నమ్మిండు” అంది పోశవ్వ.

లస్మవ్వ ఏదో అనబోయింది. పోశవ్వ బురద చేత్తోనే ఆపింది.

“సారవ్వకు రోజు నా చేత్తోని గటక కలిపి పోసిన. నేను తాగకున్నా దానికి పోసిన. అది ఆయనకు తెల్వదా? ఒక్క గుడిసెల ఉంటిమి గద. నువ్వు పో అక్కా. నీ మీద నాకేం లేదు. నేను మాత్రం రాను.”

మళ్లీ వంగింది. పీకిన కలుపు గుప్పెట్లు ఒడ్డు మీదికి, లస్మవ్వ కాళ్లకు కొంచెం దూరంలో పడుతూ ఉన్నాయి. ఇంకా నిలబడితే ఆమె పనికి అడ్డమని లస్మవ్వ వెనుదిరిగింది.

బస్సు తిరిగి గోదావరిఖని చేరేసరికి రెండో షిఫ్టు సైరన్ కొడుతోంది. ఎల్లేశం ఆ రోజు పనికి పోలేదు, బస్సుల దగ్గరే ఉన్నాడు. ఉతికిన అంగీ వేసుకున్నాడు. లస్మవ్వ దిగింది. అతను ఆమెను దాటి తలుపు వైపు చూశాడు. ఒక ముసలాయన దిగాడు, మేకపిల్లను చంకలో పెట్టుకున్న ఒకామె దిగింది. కండక్టరు తలుపు వేశాడు.

“రాలేదా?”

“రాదట ఎల్లేశం.”

“ఏమన్నది?”

లస్మవ్వ చెప్పింది. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. అతను విని, సరే అన్నట్టు తల ఊపి, బస్సు ఇంజను ఆగేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత గుడిసెల వైపు కాకుండా రోడ్డు వెంట ఎటో నడిచాడు. లస్మవ్వ అతని వెనక కొంత దూరం వెళ్లి ఆగిపోయింది.