మూడని రాసిన పైపు

చదరపు పైపును కోసిన చోట కొలిచే వెర్నియర్ పెట్టి చూశాను. మందం రెండు పాయింట్ నాలుగు. తుడిచి మళ్ళీ పెట్టాను. అంతే చూపించింది. బిల్లులో నేను రాసింది మూడు మిల్లీమీటర్లు.

మూడుకు పదో వంతు తగ్గినా ప్రమాణం ఒప్పుకుంటుంది. అంటే రెండు పాయింట్ ఏడు కూడా మూడే. అందుకే కామారెడ్డిలో దుకాణం పెట్టినప్పటి నుంచి పైపుల మిల్లుకు నేరుగా రెండు పాయింట్ ఏడే చెప్పి, మూడని అమ్ముతున్నాను. ఈసారి మిల్లువాడు అందులోంచి తన పదో వంతు తీసుకున్నాడు. ఒకే సడలింపును ఇద్దరం వాడుకున్నాం.

ఆ లోడులో కొంత భిక్నూర్ దాబా హోటలు కప్పుకు పోయింది. మిగతాదంతా ఎల్లారెడ్డి బీడీల షెడ్డు కప్పుకు. దాని కింద నలభై మంది ఆడవాళ్ళు కూర్చుంటారు. పడమట మబ్బు లేస్తోంది.

ఆ షెడ్డు కట్టిన వెల్డర్ పర్శరాములుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఇంకోటున్నది సేటూ. ఇంజనీరు ఎట్లైనా ఎక్కువే రాస్తడని తొమ్మిది దూలాలకు ఏడే పెట్టిన. పైపు మూడుదే గదా అనుకున్న."

కారు తీశాను. లింగంపేట దాటేసరికి చెట్లు ఒకవైపుకు వంగుతున్నాయి. ఈ గాలికి కప్పు ఆగితే రేపు చప్పుడు లేకుండా మార్పించవచ్చు. ఆ లెక్క కూడా వేశాను. కారు మాత్రం ఆపలేదు.

షెడ్డులో రేకులు దడదడలాడుతున్నాయి. అందరినీ బయటికి రమ్మన్నాను.

"ఏంది సేటూ, బీడీలు చుట్టుడు నేర్చుకుందామని వచ్చినవా?" అంది మంగవ్వ. అందరిలోకీ పెద్దది. మిగతావాళ్ళు నవ్వారు.

"గాలొస్తున్నదవ్వా, లేవండి."

"రానియ్. బయటికి పోతే ఆకు తడుస్తది. కప్పు కొత్తదేనాయె."

"పైపు నేనే ఇచ్చిన. మూడని రాసిన. మూడు లేదు. ఆగదవ్వా."

నవ్వులు ఆగిపోయాయి. మంగవ్వ కప్పు వైపు చూసింది, తర్వాత నా వైపు. ఒళ్ళోని చాట ఎత్తుకుని లేచింది. ఆమె వెనక అందరూ లేచారు.

ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు వరండాలోకి అందరూ చేరారు. చివర నేను వానలో తడుస్తూ చేరానో లేదో, పెద్ద గాలి వచ్చింది. నడిమి దూలం మెల్లగా వంగింది. రేకులతో సహా మంగవ్వ కూర్చున్న చోటే కూలింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

మంగవ్వ ఆకు మీద కొంగు కప్పింది.

"నీ దుకాణం మీద ఏసుకున్నది ఏ పైపు సేటూ?"

ఒక్కో గొట్టం కొలిచి, ఏరి పెట్టుకున్నది.

"మూడుదే అవ్వా."

"జర జరుగు. నీ బట్టల నీళ్ళు ఆకు మీద పడుతున్నయ్," అంది.

జరిగాను. ఫోన్ తీసి భిక్నూర్ దాబాకు కలిపాను. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.