రెండు ఫ్యాన్ల తగువు

ఇంటర్వ్యూ మధ్యాహ్నం. మిక్సీలూ కుక్కర్లూ తయారుచేసే కంపెనీలో, వాటితో పాటు ఇచ్చే వాడుక సూచనలు రాసే ఉద్యోగం. వీడియోలో మాట్లాడాలి. నా లాప్‌టాప్ మాత్రం వీడియో పెట్టిన పావుగంటకే వేడెక్కి ఆరిపోతోంది. మాట మధ్యలో మాయమయ్యే మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు? నలుగురిలో ఉన్నప్పుడు అలా మాయమైపోవాలని నాకెన్నోసార్లు అనిపించిన మాట నిజమే. కానీ ఈ ఉద్యోగం కావాలి. అందుకే పొద్దున్నే చెప్పుల అట్టపెట్టె ముందేసుకుని కూర్చున్నాను.

పెట్టె పక్కలకి కన్నాలు పొడిచాను. మూతకి గుండ్రంగా కోసి, పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన చిన్న ఫ్యాన్ బిగించాను. పనికిరాని యూఎస్‌బీ తీగ కోసి ఎరుపును ఎరుపుకీ నలుపును నలుపుకీ మెలేసి టేపు చుట్టాను. లాప్‌టాప్‌కి గుచ్చగానే ఫ్యాన్ తిరిగింది. దానిమీద లాప్‌టాప్ పెట్టి మురిసిపోయాను.

ఈసారి పావుగంట కూడా ఆగలేదు.

"ఏం మరదలా, కూలరా, కుంపటా?" గుమ్మంలో పళ్లు తోముకుంటూ అక్క మొగుడు.

"ముందు నోరు కడుక్కో బావా."

"తీగలు అటుదిటు, ఇటుదటు మార్చు. ఎదురు తిరుగుతుంది."

మార్చాను. ఫ్యాన్ అసలు కదల్లేదు.

"అలిగింది. అచ్చం మీ అక్కే."

"వినపడుతోంది!" అని వంటింట్లోంచి అక్క.

తీగలు మళ్లీ సరిచేసి, ఫ్యాన్ బిగించిన మూత కన్నం మీద కాగితం ముక్క పట్టాను. లోపలికి అతుక్కుపోయింది. లాప్‌టాప్ లోపలి ఫ్యాన్ కిందనుంచి గాలి పీల్చుకుంటోంది. నా ఫ్యాన్ అదే గాలిని కిందికి లాక్కుంటోంది. ఎందుకలా బిగించానో అప్పుడర్థమైంది. ఫ్యాన్ మీది మాసిన చీటీ కనిపించకూడదని ఆ వైపు కిందికి తిప్పాను; గాలి బయటికొచ్చేదీ ఆ వైపే. లాప్‌టాప్ కింద, ఎవరూ చూడని చోట కూడా బాగా కనబడాలన్న యావ! ఎవరి కళ్లకి భయపడ్డానో మరి.

చీటీ పైకి వచ్చేలా తిప్పి బిగించాను. కాగితం ఎగిరి బావ ముక్కుకి తగిలింది.

మధ్యాహ్నం తెరమీద ఇద్దరు. అరగంట గడిచినా లాప్‌టాప్ నిలిచే ఉంది. కళ్లజోడు ఆవిడ చెవి రిక్కించింది.

"మీ దగ్గర వాన పడుతోందా?"

క్షమించమనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"వాన కాదండీ, కూలర్. పొద్దున నేనే చేశాను."

"అయితే మేమూ చేసుకోగలిగేలా చెప్పండి."

బట్టీపట్టిన జవాబులన్నీ పక్కకి పోయాయి. "ముందు ఫ్యాన్ ఎలా బిగించకూడదో చెప్తాను," అని మొదలుపెట్టాను. చీటీ సంగతి, నా యావ సంగతి, కాగితంతో చూసుకోవడం, అన్నీ.

"నా సలహా కూడా చెప్పు!" తలుపు వెనకనుంచి బావ.

"ఎవరండీ ఆయన?"

"మా బావ. ఏమేం చేయకూడదో రాసేటప్పుడు ఆయన్నే అడుగుతాను."

ఇద్దరూ పగలబడి నవ్వారు. "సోమవారం చేరగలరా?" అందావిడ.

నేను నోరు తెరిచేలోపే తలుపు తెరుచుకుంది.

"చేరుతుందండీ!"

మొదటిసారి ఆయన మాట పనిచేసింది.