మట్టెవాడ నెత్తురు

ఫ్రీజర్ తలుపు బార్లా తెరిచి ఉంది.

మెహనాజ్ ల్యాబ్ గుమ్మంలోనే ఆగిపోయింది. గది మధ్యలో థర్మోకోల్ పెట్టె, అందులోంచి డ్రై ఐస్ పొగలు. పక్కన కొరియర్ మనిషి టేపు చింపుతున్నాడు. పెట్టెలో ఉన్నవి రక్తం ట్యూబులు. ఎంబీబీఎస్ క్లాసులు అయ్యాక సాయంత్రాలు మట్టెవాడలో ఇల్లిల్లూ తిరిగి ఆమె తీసుకొచ్చినవి.

"ఇవెటు పోతాన్నయ్ అన్నా?"

"బెంగళూరు మేడం. సారును జర జల్ది సంతకం పెట్టుమనుండ్రి, ఐస్ గాలైపోతాంది."

బెంగళూరులోని పెద్ద పరిశోధన సంస్థలో ఈ వేసవంతా పనిచేసే అవకాశం నిన్ననే ఆమెకు వచ్చింది. ఈ సాయంత్రంలోగా ఒప్పుకోవాలి. డాక్టర్లను శాస్త్రవేత్తలుగా కూడా తయారుచేసే ఎండీ-పీహెచ్‌డీ కోర్సుకు ఆమె దరఖాస్తు చేయబోతోంది. అలాంటి చోట పని, అక్కడి నుంచి ఒక సిఫార్సు లేఖ ఉంటే సగం సీటు చేతిలో ఉన్నట్టే. హన్మకొండలో రక్త పరీక్షలు చేసే ప్రేమలత మేడం కూడా తన చిన్న ల్యాబ్‌కు రమ్మంది. కానీ ఆ ల్యాబ్ పేరు ఊరు దాటితే ఎవరికీ తెలియదు.

ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ రాజేశ్వర్ రావు టీ కప్పుతో వచ్చాడు.

"కంగ్రాట్స్ అమ్మా! నీ బెంగళూరు సీటు ప్యాక్ అవుతోంది, చూడు."

"నా సీటా సార్?"

"మరి? మార్కులున్నవాళ్లు చాలామంది అప్లై చేశారు. శాంపిల్స్ ఉన్నది నీకే. ట్యూబులు వాళ్లకి, సీటు నీకు, రీసెర్చ్ పేపర్లో పేరు నాకు. అందరం హ్యాపీ."

 ఇంటర్వ్యూలో తన జవాబులు మెచ్చి పిలిచారని ఆమె అనుకుంది.

"రిజల్ట్ చెప్తమని నెత్తురిచ్చినోళ్లకు మాటిచ్చినం సార్."

"అక్కడికి పేర్లు పోవు, నంబర్లే పోతాయి. తిరిగి ఏ రిజల్టూ రాదు. అయినా ఆ ఆడవాళ్లకి తలసీమియా అంటే ఏం తెలుసు? నాలుగు గోళీలిచ్చి పంపు."

తెలిసే వాళ్లు రక్తం ఇచ్చారు. తల్లిదండ్రులిద్దరిలో ఆ రక్త లోపం దాగి ఉంటే, పుట్టే బిడ్డకు బతికినంత కాలం రక్తం ఎక్కించాల్సి రావచ్చు. దగ్గరి సంబంధాల్లో ఆ ప్రమాదం ఎక్కువ; మట్టెవాడలోని నుస్రత్ అత్త కొడుకునే చేసుకుంది. ఇప్పుడు మూడో నెల. ఆమె ట్యూబు, ఆమె భర్త సోహెల్ ట్యూబు ఆ పెట్టెలోనే ఉన్నాయి.

మొదట్లో మట్టెవాడలో ఒక్కరూ చెయ్యి చాపలేదు. మెహనాజ్ పిన్ని సాబిరా తనతో పాటు నడిచాకే తలుపులు తెరుచుకున్నాయి. కాన్పుకు వెళ్లేవాళ్లు, హజ్‌కు వెళ్లేవాళ్లు బంగారం సాబిరా దగ్గరే దాచి వెళ్తారు. అది అమానత్, నమ్మి అప్పగించిన సొమ్ము. ఇచ్చినవాళ్లను అడగకుండా ఆమె దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వదు. "ఇది గూడ అమానతే. జిమ్మేదారి నాది" అని ఆమె ప్రతి గడపలోనూ పూచీ పడింది.

మెహనాజ్ వరండాలోకి వెళ్లి పిన్నికి ఫోన్ చేసింది. "ఖాలా, అమానత్ పోతాంది!"

"పెట్టె కదలనియ్యకు. పది నిమిషాల్ల వస్తాన్న."

ఆమె తిరిగొచ్చి పెట్టె మూత మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"పక్కకు జరుగు," అన్నాడు రావు. "నీ భవిష్యత్తు మీదే చేతులు పెట్టావు, తెలుస్తోందా?"

"ఇది వాళ్ల నెత్తురు సార్. నా భవిష్యత్తు కాదు."

"నా ల్యాబ్‌లో ఉన్నది నాది!"

ఆయన మూత లాగాడు. ఆమె వదల్లేదు. థర్మోకోల్ కిర్రుమంది. కొరియర్ మనిషి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బయట ఆటోలు ఆగిన చప్పుడు. ఆ వెంటనే వరండా నిండా చెప్పుల చప్పుడు. ముందు సాబిరా, వెనక నుస్రత్, కూరగాయలమ్మే మొగిలమ్మ, ఇంకా గల్లీ ఆడవాళ్లంతా.

"ఎవరు వీళ్లు? సెక్యూరిటీ!"

"సెక్యూరిటీ వెంకటయ్యది మా గల్లీనే సారూ," అంది సాబిరా. "ఆయన నెత్తురు గూడ గా డబ్బలనే ఉన్నది. గేటు ఆయనే తీసిండు."

మొగిలమ్మ కొంగు బిగించింది. "నా నెత్తురు నాకియ్యి."

"ఇచ్చిన రక్తం తిరిగి అడుగుతారా ఎక్కడైనా?"

"అడుగుతం. మా గల్లీకి ఫోటో దిగనీకి వచ్చినప్పుడు చెయ్యి చాపుమన్నవ్, చాపిన. గంత అవుసరముంటే ఇయ్యాల నువ్వు చాపు. బిడ్డా మెహనాజూ, సూది తే!"

కొరియర్ మనిషి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

నుస్రత్ మాత్రం నవ్వలేదు. "నా కడుపుల బిడ్డ సంగతి మీరు బెంగళూరుకు చెప్తరు, నాకు చెప్పరా సార్?"

రావు మూత వదిలాడు. రక్తం ఇచ్చినవాళ్లు వద్దంటే పరిశోధన అక్కడే ఆపాలి. ఏటేటా క్లాసులో ఆయన చెప్పే పాఠమే అది. ఇంతమంది నోట ఎదురుగా వింటాడని ఎప్పుడూ అనుకోలేదు.

"తీసుకుపోండి," అన్నాడు చివరికి. "మెహనాజ్, నా సంతకంతో నీకు ఒక్క కాగితం కూడా రాదు. ఎండీ-పీహెచ్‌డీ మర్చిపో."

"కోర్సు మర్చిపోను సార్. మీ సంతకమే మర్చిపోత."

హన్మకొండ వెళ్లే ఆటోలో పెట్టె సాబిరా ఒడిలో ఉంది. మెహనాజ్ మేడంకు ఫోన్ చేసి అంతా చెప్పింది. "ఇవాళే పరీక్ష మొదలుపెడదాం, రా," అంది ప్రేమలత మేడం. "కానీ నా సిఫార్సు లేఖకు అంత విలువ ఉండదమ్మా. తెలుసుగా?"

"తెలుసు మేడం."

ఫోన్ పెట్టగానే బెంగళూరు నుంచి మెసేజ్ వచ్చింది. శాంపిల్స్ బయల్దేరాయా అని. ఆమె ఎప్పుడు వస్తుందని మాత్రం అడగలేదు.

'లేదు. అవి రావు. నేనూ రాను' అని కొట్టి పంపింది.

పక్కన కూర్చున్న నుస్రత్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకెప్పుడు చెప్తవ్ అక్కా?"

"నాకు తెలిసిన రోజే. మంచైనా చెడైనా నీ ఇంటికొచ్చి చెప్త."