పదిహేడో వరస

పడుగుకు గంజి పూసేటప్పుడు చెయ్యి ఆపకూడదు. ఆపితే పోగులు అంటుకుంటాయి. ప్రొద్దుటూరులో ఆ ఇరుకు వీధి పొడవునా నూలు చాపి, తెల్లవారి ఆరింటికే సుశీల గంజి పూస్తోంది. భర్త జనార్దనం అరుగు మీద టీ తాగుతున్నాడు.

"రోడ్డు మీద ఆ ఇరవై స్పీడు బోర్డు నీకేమన్నా కూడు పెడతాందా? సంతకాలని ఇల్లిల్లూ తిరుగుతాండావు. బండి ఆ బ్రేకరు దిబ్బలెక్కి దిగి నా నడుం పోతాంది."

ఆమె చెయ్యి ఆపలేదు. ఆయన మగ్గం గుంటలో దిగి మూడేళ్లయింది. చీరలు బండి మీద అంగడికి చేర్చడమే ఆయన పని. నూలు తడిపేది, కండెలు చుట్టేది, నేసేది ఆమె. చేనేత గుర్తింపు కార్డులో నేతగాడు మాత్రం ఆయనే. ఆ కార్డు మీది పేరును ఆమె నోరు ముప్పై ఏళ్లలో ఒక్కసారీ పలకలేదు. మొగుని పేరెత్తితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అత్త చెప్పింది. రేషన్ అంగట్లో, ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే పక్కింటి అఖ్తర్ బీని మోచేత్తో పొడిచేది. "నీ మొగుని పేరు నీకంటే నేనే ఎక్కువ పలికినా" అని అఖ్తర్ బీ నవ్వేది.

పోయినేడు ఇట్లాంటి పొద్దుటే ఒక మోటారు సైకిలు పడుగును తెంచుకుంటూ పోయింది. రెండో కొస పట్టుకున్న అఖ్తర్ బీ కాలు విరిగింది. ఆ తర్వాతే గంటకు ఇరవై అని బోర్డు, రెండు స్పీడ్ బ్రేకర్లు వచ్చాయి. జమ్మలమడుగు రోడ్డుకు అడ్డదారి కావాలి, వాటిని తీసేయండని ఇప్పుడు మగవాళ్లు అర్జీ పెట్టారు. వాళ్లు ఈ వీధిలో బండి మీద పోతారు. నేల మీద పని చేసేది ఆడవాళ్లు.

ఉండనివ్వమని నలభై ముగ్గురు ఆడవాళ్లు సంతకం చేశారు. సుశీల, కుంటుతూ అఖ్తర్ బీ, ఆ కాగితం మున్సిపల్ ఆఫీసుకు తీసుకుపోయారు.

గుమాస్తా రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టాడు. "ఏమ్మా, తీసేయమన్నోళ్లలో గూడా నీ పేరుందే? పదిహేడో వరస. రెండిట్లో ఉంటే చెల్లదు."

చూసింది. తోక లాగి రాసిన 'ల'. ఆయన చేతిరాతే. పొదుపు సంఘం కాగితాలకూ అంతే, బ్యాంకు ఫారాలకూ అంతే. "నీకెందుకు శ్రమ, నేను గీకేసినాలే" అనేవాడు. ఇన్నేళ్లూ దాన్ని ప్రేమ అనుకుంది. ఆమె బదులు సంతకం పెట్టడానికి అలవాటుపడ్డ మనిషి ఇప్పుడు ఆమె బదులు తీర్మానం కూడా చేసేశాడు. పద్దెనిమిదో వరసలో, వీళ్ల కాగితం మీదా సంతకం చేసిన పద్మావతమ్మ. అదీ మొగుడి రాతే.

"ఇది నేను పెట్టలేదు సార్."

"మరెవరు పెట్టినారు?"

"మా ఇంటాయన."

"ఇంటాయనంటే కుదరదు. పేరు చెప్పు. నువ్వు చెప్తేనే దీన్ని కొట్టేసేది."

అఖ్తర్ బీ అలవాటుగా ముందుకు వంగింది. "నేను చెప్తా సార్, ఆయప్ప పేరు..."

సుశీల ఆమె చెయ్యి పట్టి ఆపింది. వంకరగా అతుక్కున్న ఆ కాలు వైపు చూసింది. ఈమె ఆయుష్షు గురించి ఏ అత్తా, ఏ మొగుడూ బెంగపడలేదు.

"జనార్దనం," అంది.

గుమాస్తా తల ఎత్తాడు. వరండా చివరి వరకూ వినబడేలా మళ్లీ చెప్పింది.

"జనార్దనం. రాసుకోండి సార్."

రాశాడు. "వృత్తి నేతే కదా?"

"కాదు సార్. ఆయన బండి తోల్తాడు. నేసేది నేను."